చలికాలం కూరగాయల కోసం తెప్పించిన రెడీమిక్స్ మట్టి, నా రివ్యూ

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం, మిద్దె మీద నాలుగేళ్ళుగా కూరగాయలు పెంచుతున్నా. ప్రతి ఏడూ దసరా అవ్వగానే ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీ కంపోస్ట్ (వానపాముల ఎరువు) విడివిడిగా తెచ్చుకుని నేనే కలుపుకునేదాన్ని, ఈసారి నడుం నొప్పితో అది కుదరక మాకు దగ్గర్లో ఉన్న ఒక నర్సరీ నుంచి కలిపి అమ్మే మట్టి తెప్పించాను, 20 కిలోల బ్యాగులు పది. డెలివరీతో కలిపి ఒక్కోటి 320 రూపాయలు పడింది. మెట్లెక్కించి మిద్దె మీద దించి వెళ్ళారు, దానికి వేరే డబ్బులు అడగలేదు. మిద్దె తోట ఉన్నవాళ్ళకి తెలుసు అదెంత పెద్ద సాయమో.

పదిలో ఏడు బ్యాగులు నిజంగా చాలా బాగున్నాయి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిసికితే ముద్ద కడుతోంది, వేలితో తాకితే మళ్ళీ పొడిపొడిగా విడిపోతోంది, తొలకరి పడ్డప్పటి మట్టి వాసన. మిగతా మూడు విప్పగానే ముక్కుకి ఘాటు కొట్టింది. చెయ్యి లోపలికంటా పెట్టి చూస్తే వెచ్చగా ఉంది, అదీ పొద్దున్నే ఏడింటికి, రాత్రంతా నీడలో ఉన్న బ్యాగు. అంటే అందులో ఎరువు ఇంకా మాగలేదు, దాంట్లో నారు పెడితే వేర్లు మాడిపోతాయి.

సరే, నా అనుమానమేమో అని రెండు పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టి, ఒకదాంట్లో మంచి బ్యాగు మట్టి, ఇంకోదాంట్లో వెచ్చగా ఉన్న మట్టి నింపి చెరో చెంచా మెంతులు చల్లాను. నాలుగో రోజుకి మొదటి డబ్బాలో మెంతి మొలకలు ఒత్తుగా లేచాయి, రెండో దాంట్లో పదో పన్నెండో వచ్చాయి, అవీ పీకి చూస్తే వేరు కొస గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంది. ఎవరు ఏ మట్టి కొన్నా గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) నింపేముందు ఈ మెంతుల పరీక్ష చేసుకోండి, ఖర్చేం లేదు. ఫొటోలు వాట్సాప్‌లో పంపితే నర్సరీ అతను "అమ్మా అది కొత్త లోడు, తడిపి ఒక పదిహేను రోజులు వదిలేస్తే సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకునే మాట నిజమే కానీ అక్టోబర్‌లో పదిహేను రోజులు పోతే ఎట్లా, అప్పుడే కదా నాటాల్సింది. గట్టిగా అడిగాక మూడు రోజులకి మార్చి ఇచ్చారు.

ఇంకో మాట, కొలత. 15 బై 15 అంగుళాల గ్రో బ్యాగుకి ఈ 20 కిలోల మూట ఒకటి సరిపోతుందన్నారు, పోస్తే ముప్పావు వంతు కూడా నిండలేదు, నీళ్ళు పోశాక ఇంకా కిందికి దిగింది. నా దగ్గర పాత మట్టి ఉండబట్టి సరిపోయింది. బెండ, వంగ పీకేసిన బ్యాగుల్లో మట్టిని టార్పాలిన్ మీద పరిచి, వేర్లు ఏరేసి, రెండు మూడు రోజులు బాగా ఎండనిచ్చాను, ఆ తర్వాత వేపపిండి కలిపాను. ఇంకోపక్క, బాగా మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా (మట్టిలో తెగుళ్ళని అణిచే మంచి బూజు) పొడి కలిపి తడి గోనెపట్టా కప్పి వారం నీడలో ఉంచి అదీ వేశాను. పాతది సగం కొత్తది సగం, పాలకూర ఈ బ్యాగుల్లోనే ఎక్కువ బాగా వచ్చింది, ఇప్పటికే రెండు కోతలు అయ్యాయి. మొత్తం కొత్త మట్టే కొనక్కర్లేదని దీంతో నాకు బాగా అర్థమైంది. క్యారెట్‌కి మాత్రం ఈ మిక్స్ జల్లెడ పట్టాల్సిందే, కంకర రాళ్ళు ఉన్నాయి, రాయి తగిలితే క్యారెట్ రెండుగా చీలి వంకర పోతుంది. మా అత్తయ్య కూర్చుని పిండి జల్లెడతో పట్టి పెట్టారు పాపం.

వాళ్ళ దగ్గరే నారు కూడా అడిగాను. టమాటా నారు గట్టిగా, పొట్టిగా బాగుంది. క్యాలీఫ్లవర్ మాత్రం ఏ రకం అంటే "హైబ్రిడ్ అమ్మా" అన్నారు, అంతే. ఇది నాకస్సలు నచ్చలేదు. క్యాలీఫ్లవర్‌లో ముందు వేసే రకాలు వేరు, చలి బాగా ముదిరాక వేసేవి వేరు, ముందు రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క పెరగకుండానే పువ్వు వచ్చేస్తుంది. పోయినేడు ఇంకో చోట పేరు తెలియని నారు తెచ్చి నాటితే నిమ్మకాయంత పువ్వు దగ్గరే ఆగిపోయింది, మూడు నెలల కష్టం. అందుకే ఈసారి రకం పేరు రాసున్న విత్తనం కొని నారు నేనే పోసుకున్నా.

మట్టికి 5కి 4 ఇస్తా, నారుకి 2. సంక్రాంతి తర్వాత బీర, సొర పాదులకి ఇంకో ఆరు మూటలు కావాలి, మట్టి మళ్ళీ వీళ్ళ దగ్గరే తీసుకుంటా, కాకపోతే తెచ్చిన అబ్బాయి ఉండగానే ఒక్కో మూట విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాకే డబ్బులు ఇస్తా.