ప్లవకాల పక్కకే వెళ్లి వినే యంత్రం: ధ్రువ సముద్రాల్లో ఎకోసౌండర్ గ్లైడర్, చాలాకాలం వాడాక

గ్లైడర్ అంటే తన తేలుడు మార్చుకుంటూ మునిగి లేస్తూ సాగే, మనుషులు లేని సముద్ర యంత్రం. మాదానికి శబ్దం పంపి ప్రతిధ్వని వినే ఎకోసౌండర్ బిగించి ఉంటుంది. గ్లైడర్ ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది, ఎంత లోతు దిగుతుంది అన్నవి ఇక్కడ రాయడం లేదు. అవి తయారీదారు ఇచ్చే కాగితాల్లోనే ఉంటాయి. ఆర్కిటిక్‌లోని స్వాల్బార్డ్ దీవుల ఫ్యోర్డుల్లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయల్లో) దీన్ని చాలాకాలం నడిపాక గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే: ఇది ప్లవకాల దగ్గరికే వెళ్లి వింటుంది. ఆ ఒక్క గుణం కోసం మిగతా ఇబ్బందులు భరించవచ్చని ఇప్పటికీ మా అభిప్రాయం. ఇబ్బందులు మాత్రం చిన్నవి కావు.

దగ్గరగా వినడం ఎందుకంత గొప్పో ఒక లెక్క వేసి చూడండి. ఓడ అడుగున ఉన్న 200 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌తో (శబ్దాన్ని పంపి, తిరిగి అందుకునే భాగంతో) 300 మీటర్ల లోతున ఉన్న కోపెపాడ్లను, అంటే రొయ్య జాతికి దగ్గరి చిన్న ప్లవకాలను, వినాలి. సున్నా డిగ్రీల దగ్గర సముద్రపు నీరు ఆ శబ్దాన్ని కిలోమీటరుకు దాదాపు 40 డెసిబెళ్ల చొప్పున పీల్చేస్తుంది. పోను 300, రాను 300 మీటర్లు కాబట్టి పీల్పు ఒక్కటే 24 డెసిబెళ్లు. శబ్దం చెదరడం వల్ల పోయేది దీనికి అదనం. వెనక్కి వచ్చేసరికి ఆ ప్రతిధ్వని ఓడ రొదలో కలిసిపోతుంది. పోనీ దూరం వెళ్లే 38 కిలోహెర్ట్జ్ వాడదామంటే తరంగం పొడవే 38 మిల్లీమీటర్లు, 3 మిల్లీమీటర్ల కలానస్ అనే కోపెపాడ్ దానికి అసలు ఆనదు. గ్లైడర్ అదే 200 కిలోహెర్ట్జ్‌ను 250 మీటర్ల దాకా మోసుకెళ్లి, జంతువుకు 50 మీటర్ల దూరంలో పింగ్ (చిన్న శబ్దపు తునక) కొడుతుంది. అప్పుడు పీల్పు 4 డెసిబెళ్లు మాత్రమే. శీతాకాలంలో అడుగుకు దిగిపోయి దాదాపు కదలకుండా ఉండే కలానస్ పొర ఎకోగ్రామ్‌లో (ప్రతిధ్వనులను లోతువారీగా చూపే చిత్రంలో) అంచులతో సహా తేటగా కనిపించడం ఓడ మీంచి ఎప్పుడూ దొరకని భాగ్యం.

రెండో లాభం చీకటి. ధ్రువ రాత్రిలో ఓడ దీపాల వెలుగుకే చేపలూ ప్లవకాలూ 200 మీటర్ల లోతు దాకా చెదురుతున్నాయని 2020లో అచ్చయిన పరిశోధన చూపించింది. అంటే దీపాలు వేసుకున్న ఓడ కొలిచేది తను అప్పటికే కదిలించేసిన నీటిని. గ్లైడర్‌కు దీపమూ లేదు, తిరిగే ప్రొపెల్లరూ లేదు. నవంబరు చీకట్లో కూడా థైసనోయెస్సా అనే క్రిల్ (రొయ్యలాంటి ప్లవకం) సన్నగా పైకీ కిందికీ కదలడం ఇందులో తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు. హిమానీనదం కరిగి వచ్చే మంచినీటి పొర.

మా గ్లైడర్ బరువు 60 కిలోలు. ఆయిల్ పంపు దాని పరిమాణాన్ని సమతుల్యానికి అటు ఇటు 250 మిల్లీలీటర్లు మార్చగలదు. ఘనమీటరుకు 1027 కిలోల సాంద్రత ఉన్న నీటికి బరువు సర్దితే బయటి సముద్రంలో చక్కగా నడుస్తుంది. వేసవిలో ఫ్యోర్డు లోపలికి, హిమానీనదం ముఖం దగ్గరికి వెళ్తే పై నీటి సాంద్రత 1020కి పడిపోయే చోట్లు ఉంటాయి. అక్కడ గ్లైడర్ కోల్పోయే తేలుడు బలం దాదాపు 410 గ్రాములు. పంపు పూర్తిగా సాగినా ఇవ్వగలిగేది 255 గ్రాములు. కాబట్టి సాంద్రత 1022, 1023 మధ్య ఉన్న గీత దగ్గరే అది ఆగిపోతుంది, ఉపరితలానికి నాలుగైదు మీటర్ల కింద. తోకలోని గాలి సంచి నిండాలంటే ముందు ‘పైకి చేరాను’ అని పీడనం లెక్క తేలాలి. ఆ లోతులో ఆ లెక్క తేలదు. యాంటెన్నా నీళ్లలోనే ఉంటుంది. ఒడ్డున ఉన్న మాకు కాల్ రాదు.

బయట ఉన్నవాళ్లకు ఇది బ్యాటరీ పోయినట్టో, ఐస్ కింద ఇరుక్కున్నట్టో అనిపిస్తుంది. గడువు దాటాక యంత్రం అత్యవసర బరువును వదిలేసి పైకి వస్తుంది. వచ్చాక ఇక మునగలేదు, పడవ వెళ్లి తెచ్చుకోవాలి. రికార్డు తెరిస్తే సంగతి అర్థమవుతుంది: పంపు చివరిదాకా సాగి ఉంటుంది, లోతు గీత ఒకే చోట చిన్నచిన్న అలలుగా ఊగుతుంటుంది, దాని పైన లవణత నిట్టనిలువుగా పడిపోతుంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే మరో కారణం వెతకనక్కర్లేదు.

తేలికగా సర్దితే సరిపోదా అంటే, సరిపోతుంది కానీ ఆ ఖర్చు శబ్దం వైపు పడుతుంది. 1025కి సర్దామనుకోండి. లోపల 1027.5 నీటిలో దిగేటప్పుడు కిందికి లాగే బలం 110 గ్రాములే మిగులుతుంది, ఇంతకుముందు ఉన్నదానిలో సగం. వేగం బలానికి వర్గమూలంలా తగ్గుతుంది కాబట్టి దిగే సమయం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. మా ఎకోసౌండర్ దిగేటప్పుడే పింగ్ చేస్తుంది. యంత్రం ముక్కు 26 డిగ్రీలు కిందికి వంగినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ నిటారుగా కిందికి చూసేలా దాన్ని వాలుగా బిగిస్తారు, ఎక్కేటప్పుడు అది పనికిరాదు. దిగడం ఒకటిన్నర రెట్లయితే ఎకోసౌండర్ తినే విద్యుత్తూ అంతే పెరుగుతుంది. చివరికి ఆచరణలో నిలబడిన పద్ధతి వేరు: బరువు 1026కి సర్దడం, హిమానీనదం దగ్గర అసలు పైకి రాకపోవడం. 10 మీటర్ల దగ్గర లవణత 33 (కిలో నీటికి దాదాపు 33 గ్రాముల ఉప్పు) దాటితేనే పైకి రమ్మని ఆదేశం పెడతాం. లేకపోతే ఫ్యోర్డు నోటి వైపు తిరిగి ఇంకో మునక వేస్తుంది. ఈలోగా జీపీఎస్ ఉండదు, దిక్సూచి మీదే నమ్మకం. ఉత్తరాన అంత పైకి వెళ్లాక భూ అయస్కాంత క్షేత్రం దాదాపు నిలువుగా ఉండి అడ్డంగా మిగిలేది చాలా బలహీనం కాబట్టి, బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ దిక్సూచిని అక్కడే సరిచూసుకోవాలి. ఈ మంచినీటి లెక్క కొనేముందు ఎవరూ చెప్పలేదన్నది మాకు ఇప్పటికీ ఉన్న కోపం. పంపు పరిమాణం కాగితంలో ఉంటుంది గాని, అది ఎంత సాంద్రత తేడాను దాటగలదో ఎక్కడా ఉండదు.

అదే కరుగు నీరు ఇంకో మోసం కూడా చేస్తుంది. స్వాల్బార్డ్‌లోని కోంగ్స్‌ఫ్యోర్డ్‌లో హిమానీనదం కింది నుంచి వచ్చే ఎర్రని బురద 455 కిలోహెర్ట్జ్‌లో దట్టమైన కోపెపాడ్ పొరలా కనిపిస్తుంది. బురద రేణువు ప్రతిధ్వని పౌనఃపున్యం పెరిగే కొద్దీ చాలా వేగంగా పెరుగుతుంది. కాబట్టి 200లో దాదాపు లేనిది 455లో ఒక్కసారిగా వెలిగితే ముందు టర్బిడిటీ సెన్సర్ (నీటి మసకను కొలిచేది) చూడాలి.

కాలిబ్రేషన్ విషయంలో, అంటే ప్రతిధ్వని బలం తెలిసిన గోళంతో ఎకోసౌండర్‌ను సరిచూసుకోవడంలో, బద్ధకించకూడదు. 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, బుడగలు అంటుకోకుండా సబ్బు నీళ్లు రాసి, ట్రాన్స్‌డ్యూసర్ కింద వేలాడదీయాలి. ఇదంతా తెలిసిందే. తెలిసినా తప్పేది చోటు విషయంలో: గది వేడిలో, తొట్టెలో చేసిన కాలిబ్రేషన్ ఇక్కడ చెల్లదు. 20 డిగ్రీల మంచినీటిలో శబ్దవేగం సెకనుకు 1482 మీటర్లు, ఇక్కడి చల్లని ఉప్పునీటిలో 1445 దగ్గర. దూరాలు మారడం ఒకటి, చలికి ట్రాన్స్‌డ్యూసర్ స్పందనే మారడం ఇంకొకటి. ఒక్క డెసిబెల్ తేడా వస్తే జీవరాశి అంచనాలో 26 శాతం తేడా. యంత్రాన్ని కనీసం అరగంట ఆ నీటిలోనే ఉంచి, తర్వాత కొలవాలి. బయటికి తీశాక లవణత సెన్సర్ గాజు గొట్టంలో నీటి చుక్క కూడా మిగల్చకండి, గడ్డకడితే గాజు పగులుతుంది.

పైన దగ్గరగా వినడాన్ని అంత పొగిడాం గాని, దగ్గరగా అంటే ఇరుగ్గా అని కూడా అర్థం. 7 డిగ్రీల కిరణం 50 మీటర్ల దూరాన 6 మీటర్ల వెడల్పే చూస్తుంది. యంత్రం రోజుకు 20, 25 కిలోమీటర్లకు మించి కదలదు. దాంతో ఎకోగ్రామ్‌లో కనిపించే మార్పు చోటు మారడం వల్లా, పొద్దు మారడం వల్లా అన్నది విడదీయడం కష్టం. పక్కన కదలని మూరింగ్ (అడుగున లంగరేసి నిలిపిన పరికరాల వరుస) ఒకటి ఉంటేనే ఆ చిక్కు విడుతుంది. జాతి పేరు కూడా శబ్దం చెప్పదు. అంటార్కిటిక్ క్రిల్‌కు 120, 38 కిలోహెర్ట్జ్‌ల మధ్య ప్రతిధ్వని బలంలో 2 నుంచి 16 డెసిబెళ్ల తేడా అనే పాత కొలబద్ద ఉంది. ఆర్కిటిక్‌లో క్రిల్, థెమిస్టో ఆంఫిపాడ్లు (ఇవీ రొయ్య జాతికి దగ్గరివే), గుల్ల ఉన్న లిమసినా నత్తలు కలిసి తిరిగే చోట అలాంటి ఒక్క గీతతో పని జరగదు. 180 మైక్రాన్ల కన్నులున్న మల్టీనెట్ (వేర్వేరు లోతుల్లో విడివిడిగా పట్టే వలల జత) వేసి చూసుకోవాల్సిందే, మేమూ మానలేదు.

ఐస్ కిందికి పంపే ఆలోచన ఉంటే ఇది సరైన యంత్రం కాదు. 2001లో అంటార్కిటికా దగ్గరి వెడెల్ సముద్రంలో ఆటోసబ్-2 అనే మనుషులు లేని జలాంతర యంత్రం ఐస్ అంచు నుంచి లోపలికి 1 నుంచి 13 కిలోమీటర్ల పట్టీలో క్రిల్ దట్టంగా ఉందని పట్టుకున్నది ప్రొపెల్లర్ బలంతో, తిన్నగా వెళ్లి. ఆ యంత్రమే 2005లో ఫింబుల్ మంచు పలక కింద చిక్కుకుని తిరిగి రాలేదు. పైకి వచ్చి కబురు చెప్పడం మీద ఆధారపడే గ్లైడర్‌కు ఆ చోటు ఇంకా కష్టం.

మా పని ఫ్యోర్డుల్లో ఋతువుల వెంట ప్లవకాల లోతును వెంబడించడం. చిన్న పడవ, గోళం వేలాడదీయడానికి రేవు, వల వేసే మనుషులు దగ్గరున్నారు కాబట్టి మాకు ఇది కుదిరింది. చేపల వేటకు కోటా తేల్చే స్థాయిలో విశాలమైన అంచనా కావాలనుకునేవాళ్లకు ఒక్క గ్లైడర్ చాలదు. ఓడో, నాలుగైదు గ్లైడర్లో కావాలి. కొనేటప్పుడు పంపు మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో, మీ చోట పై నీటికీ అడుగు నీటికీ సాంద్రత తేడా ఎంతో పక్కపక్కన పెట్టుకుని చూడండి. స్వాల్బార్డ్‌లోని పరిశోధన కేంద్రం న్యూ ఒలెసున్‌లో నడపాలనుకుంటే సెట్టింగులన్నీ కేబుల్‌తో మార్చగలిగే మోడలే తీసుకోండి; అక్కడ 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ వరకు రేడియో నిశ్శబ్దం పాటిస్తారు, వైఫై, బ్లూటూత్ వాడనివ్వరు.