డేటా లేని రీఛార్జా, డేటా ఉన్న రీఛార్జా?

బటన్ ఫోన్ వాడేవారు తమకు అక్కరలేని ఇంటర్నెట్‌కు కూడా డబ్బు కట్టవలసి రావడం అన్యాయం. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలను సవరించి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాకు ఒక్కటైనా ప్రతి టెలికాం కంపెనీ ఇవ్వాలని, దాని గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని ఆదేశించింది.

ఖర్చు: 2025 ఆరంభంలోని ఎయిర్‌టెల్ ధరల ప్రకారం డేటా లేని ప్యాకు 84 రోజులకు రూ.469, అంటే రోజుకు సుమారు రూ.5.60.
రెండు జీబీ డేటా ఉన్న ప్యాకు 28 రోజులకు రూ.199, అంటే రోజుకు సుమారు రూ.7.10.

లెక్కకు మొదటిదే చౌక. అయితే ఏ రోజు కూలి ఆ రోజు ఖర్చులకే సరిపోయే ఇంట్లో ఒకేసారి రూ.469 తీయడం కష్టం, ఏడాది ప్యాకుకు రూ.1,849 కట్టడం దాదాపు అసాధ్యం కనుక, చౌకైనది ఎదురుగా ఉన్నా పేదవారు ఖరీదైనదే కొనవలసి వస్తుంది. డేటా లేని నెల ప్యాకును కూడా తప్పనిసరి చేసి ఉండవలసింది.

శ్రమ: మొదటిది మూడు నెలలకోసారి, రెండవది నెలనెలా.

చెల్లింపులు: డేటా ఉంటే యూపీఐ యాప్‌లు పనిచేస్తాయి, లేకపోయినా 2022లో వచ్చిన యూపీఐ 123పే ద్వారా బటన్ ఫోన్ నుంచే డబ్బు పంపవచ్చు.

బ్యాంకు ఓటీపీలకు, పిల్లలతో మాటలకు మాత్రమే ఫోన్ వాడే వృద్ధులకు, ఇంట్లో వైఫై ఉన్నవారికి డేటా లేనిది మేలు. యాప్‌ల ద్వారా పని దొరికే డ్రైవర్లకు, చదువుకునే పిల్లలున్న ఇంటికి డేటా ప్యాకే తగినది.