చీకటి గదిలో ఫొటోలకని లెన్స్ కొంటున్నారా? ‘స్టెబిలైజేషన్ ఉంది’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

ఇంట్లో, రాత్రిపూట లైట్ల వెలుగులో పిల్లల ఫొటోలు తీసుకోవడానికి లెన్స్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ముందుకెళ్లండి.

దుకాణంలో నాకు అమ్మింది 18-200 మి.మీ. జూమ్ (మి.మీ. అంకె చిన్నదైతే వెడల్పుగా కనిపిస్తుంది, పెద్దదైతే దూరంవి దగ్గరగా కనిపిస్తాయి). ఇంట్లో తక్కువ వెలుతురులో, కదిలే పిల్లల్ని తీయడానికి కావాలని ముందే స్పష్టంగా చెప్పాను. ‘ఇందులో స్టెబిలైజేషన్ ఉందండీ, నాలుగు స్టాపుల లాభం, ఇక చీకటి గురించి టెన్షన్ అక్కర్లేదు’ అన్నారు. (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు అయినంత తేడా.) అక్కడికక్కడే తీసి చూపించారు కూడా. అరలో పేర్చిన పెట్టెలు, గోడమీది పోస్టరు, అన్నీ అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా వచ్చాయి. ఇంటికొచ్చి పిల్లల్ని తీస్తే దాచుకోదగ్గ ఫొటో ఒక్కటీ రాలేదు. వాపసు తీసుకోమంటే, ‘లెన్స్‌లో లోపం లేదు కదా, పెట్టె తెరిచాక తీసుకోం’ అని తేల్చేశారు. లోపం లేదన్నది నిజమే. కానీ నేను చెప్పిన పనికి ఏమాత్రం సరిపోని లెన్స్‌ను సరిగ్గా ఆ పనికే అని చెప్పి అంటగట్టారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక ఫొటో గురించి చెబితే విషయం మొత్తం అర్థమవుతుంది. పాప సోఫా మీద గెంతుతోంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే సోఫా గుడ్డ నేతలో పోగులు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది. పాప ముఖం మాత్రం అలికేసినట్టు ఉంది. చెయ్యి ఉండాల్సిన చోట ఒక లేత రంగు చార. అంటే ఫోకస్ తప్పలేదు, నా చెయ్యీ వణకలేదు. వివరాలు చూస్తే ఎఫ్ 5.6 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, అది చిన్నదైతే వెలుగు ఎక్కువ), ఐఎస్ఓ 3200 (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), షటర్ సెకనులో 30వ వంతు. అంతసేపు షటర్ తెరుచుకుని ఉంటే గెంతే పిల్ల కుదురుగా ఎలా వస్తుంది?

స్టెబిలైజేషన్ చేసేది ఒకటే పని: కెమెరా పట్టుకున్న చెయ్యి వణికితే దాన్ని సర్దుతుంది. ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు, గదిలోకి అదనంగా ఒక్క చుక్క వెలుగూ తేలేదు. ‘నాలుగు స్టాపులు’ అన్నది అబద్ధం కాదు, కదలని వస్తువుల విషయంలో నిజమే. అందుకే పెట్టెల్నీ పోస్టర్‌నీ తీసి చూపిస్తారు. కుర్చీలో కూర్చుని మాట్లాడుకునే పెద్దవాళ్లకు కనీసం 125వ వంతు, పరుగెత్తే పిల్లలకు 250వ వంతు లేదా అంతకన్నా వేగం కావాలి. ఫ్లాష్ వాడకుండా, ఐఎస్ఓ ఇంకా పెంచకుండా ఆ వేగం రావాలంటే లెన్స్ ఎక్కువ వెలుగును లోపలికి పంపాలి. దానికి అడ్డదారి లేదు.

ఎంత తేడా ఉంటుందో లెక్క చూడండి. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దగ్గర దాదాపు పదింతల వెలుగు లోపలికి వస్తుంది. అదే గదిలో, అదే ఐఎస్ఓతో 30వ వంతు కాస్తా సుమారు 300వ వంతు అవుతుంది. పాప గాల్లో ఉండగానే ఆగిపోతుంది. ఎఫ్ 2.8 జూమ్‌తో అయితే నాలుగింతలు వస్తుంది, అంటే 120వ వంతు. కూర్చున్నవాళ్లకు చాలు, పరుగులకు చాలదు. అలాంటి జూమ్‌లు బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

కాబట్టి లెన్స్ ముందు భాగంలో అద్దం చుట్టూ ఉన్న రింగు మీదో, పక్కన గొట్టం మీదో అచ్చువేసిన అంకెలు మీరే చదవండి. 1:3.5-5.6 అనో 1:3.5-6.3 అనో ఉంటుంది. ప్రకటనల్లో మొదటి అంకె 3.5నే పెద్దగా చూపిస్తారు. అది జూమ్ చేయకుండా పూర్తి వెడల్పులో ఉన్నప్పటి మాట. జూమ్ చేసేకొద్దీ అది రెండో అంకె వైపు జారిపోతుంది. 18-200 లాంటి వాటిలో 50 మి.మీ. దగ్గరకు వచ్చేసరికే ఎఫ్ 5 చుట్టుపక్కలకు చేరుతుంది. ముఖాలు దగ్గరగా తీసేది ఆ చోటే. పైగా మీ కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ కూడా చాలావరకు 3.5-5.6 రకమే. అంటే వెలుగు విషయంలో మీ దగ్గర ఉన్నదాన్నే మళ్లీ కొన్నట్టు. ఇది నాకు అమ్మినవాళ్లకు తెలియని సంగతి కాదు.

ఇలాంటిదే ఇంకొకటి, లెన్స్ ముందు బిగించుకునే ‘వైడ్ కన్వర్టర్’ గాజు బిళ్ల. కిట్‌లో ఉచితంగా వస్తుందని ఆశపెడతారు. అది వెలుగు పెంచదు, అంచుల్లో బొమ్మను పాడుచేస్తుంది. దాని కోసం కిట్ కొనకండి.

సరే, ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కొందామని అడిగితే అందరూ ముందు చేతిలో పెట్టేది 50 మి.మీ. లెన్స్. మంచి లెన్సే, కానీ మీ కెమెరా సెన్సర్ ఏ సైజుదో చూసుకోకుండా తీసుకోవద్దు. మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ.) కన్నా చిన్నది. దాని క్రాప్ (మి.మీ. అంకెను హెచ్చవేయాల్సిన లెక్క) నికాన్, సోనీ, ఫుజీలలో 1.5, క్యానన్‌లో 1.6. అంటే 50 మి.మీ. కాస్తా 75-80 మి.మీ. లెన్స్‌లా చూస్తుంది. మూడు మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేమ్ వెడల్పు మీటరున్నర కూడా రాదు. ఇద్దరు సర్దుకుని కూర్చుంటే సరి, మూడో మనిషి భుజం బయటే. వెనక్కి జరుగుదామంటే వీపుకు గోడ తగులుతుంది. అదే దూరంలో 35 మి.మీ. అయితే రెండు మీటర్లు, 24 మి.మీ. అయితే దాదాపు మూడు మీటర్లు పడుతుంది. ఏపీఎస్-సీ కెమెరాతో మామూలు గదిలో కుటుంబం ఫొటోలకు నా సలహా 35 మి.మీ. ఎఫ్ 1.8 చుట్టుపక్కలదే. ఒక్క పిల్లాడి ముఖమే ముఖ్యమనుకుంటే అప్పుడు 50. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకు ఈ ఇరుకు లేదు, 35 గానీ 50 గానీ హాయిగా వాడుకోవచ్చు.

నా మాటే నమ్మనక్కర్లేదు. మీ 18-55ను 35 దగ్గర పెట్టి, రింగు తిరగకుండా టేపు అంటించి కొన్నాళ్లు ఇంట్లో వాడండి. తర్వాత 50 దగ్గర. ఏది సరిపోతుందో మీ గదే చెప్పేస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

ఎఫ్ 1.8తో వచ్చే ఇబ్బంది కూడా ముందే తెలిసి ఉండాలి. ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్ 1.8లో పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా ఉండే మందం 11 సెంటీమీటర్ల చుట్టూ మాత్రమే. ముందు వరుసలో మనవడు, వెనక తాతయ్య ఉంటే ఒకరే స్పష్టంగా వస్తారు. అది లెన్స్ లోపం కాదు. గుంపు ఫొటోకు లెన్స్ తెరపును ఎఫ్ 4 దాకా తగ్గించి, కదలొద్దని చెప్పి తీయాలి, లేదా ఫ్లాష్‌ను తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొట్టాలి. తల తిరిగే ఫ్లాష్ ఉంటే నా దగ్గరున్న జూమ్‌లాంటి లెన్స్‌తో కూడా ఇంట్లో చక్కటి ఫొటోలు వస్తాయి. నాలాగే ఇరుక్కున్నవాళ్లు ముందు ఆ దారి చూడండి.

ఇక సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు అసలైన ప్రమాదం ఆటోఫోకస్ దగ్గర ఉంది. నికాన్ డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటార్ లేదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ రకం 50 మి.మీ. ఎఫ్ 1.8 తగిలిస్తే చక్కగా బిగుస్తుంది, ఫొటో కూడా తీస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాల్సిందే. పరుగెత్తే పిల్లల వెనక అది అయ్యే పని కాదు. వాటికి ఏఎఫ్-ఎస్ లాంటి, లోపలే ఫోకస్ మోటార్ ఉన్న లెన్స్ కావాలి. ‘మీ కెమెరాకు ఫిట్ అవుతుంది’ అన్న జవాబుతో ఊరుకోకండి. క్యానన్ ఆర్, నికాన్ జెడ్ మిర్రర్‌లెస్ కెమెరాలకు పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్స్‌లు నేరుగా బిగవవు, అడాప్టర్ కావాలి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో కూడా ఏఎఫ్-డీ లెన్స్‌లకు ఆటోఫోకస్ రాదు. ఎఫ్ 1.4 అని ఊరించే చవక లెన్స్‌లు చాలావాటిలో అసలు ఆటోఫోకసే ఉండదు. వివరాల్లో ‘మాన్యువల్’ అన్న మాట ఎక్కడో కింద ఉంటుంది, వెతికి చదవండి.

పాత లెన్స్‌ను టార్చి లైటు వెనక నుంచి వేసి లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, పొగమంచులా ఉంటే హేజ్. ఈ రెండింట్లో ఏది ఉన్నా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులకు భయపడనక్కర్లేదు.

కొనే ముందు మీ కెమెరా, మీ మెమరీ కార్డు తీసుకెళ్లండి. వాళ్ల కదలని వస్తువుల్ని కాదు, మీతో వచ్చిన మనిషిని కాస్త చీకటిగా ఉన్న మూలలో నడవమని చెప్పి తీయండి. షటర్ 250వ వంతుకు పెట్టి, ఐఎస్ఓ 3200 దాటనివ్వకుండా చూడండి. ఫొటో నల్లగా వస్తే ఆ లెన్స్ మీ ఇంటి పనికి కాదు. లెన్స్‌ను పూర్తిగా తెరిచి (అతి చిన్న ఎఫ్ అంకె దగ్గర) తీసి, కెమెరా స్క్రీన్ మీద కాకుండా ఇంటికెళ్లి పెద్ద తెర మీద కళ్ల దగ్గర పెద్దది చేసి చూశాకే నిర్ణయించుకోండి.

ఆన్‌లైన్‌లో అయితే ఆర్డర్ పెట్టకముందే ఈ ప్రశ్న రాతపూర్వకంగా పంపండి: ‘నా కెమెరా మోడల్ ఇది. దీని మీద ఈ లెన్స్‌కు ఆటోఫోకస్ పనిచేస్తుందా? నేను వాడబోయే మి.మీ. దగ్గర గరిష్ఠంగా ఏ ఎఫ్ వస్తుంది? పెట్టె తెరిచి వాడి చూశాక సరిపోకపోతే వాపసు తీసుకుంటారా?’ మూడింటికీ సూటిగా జవాబు రాయనివాళ్ల దగ్గర కొనకండి. నా విషయంలో మాటలన్నీ నోటితోనే జరిగాయి, అందుకే ఇప్పుడు చూపించడానికి బిల్లు తప్ప నా దగ్గర ఏమీ లేదు.