బరంపురం బడ్డీల్లో దొరికే బాటిళ్ళు: రీసైకిల్డ్ శాతం ఏ లేబుల్ చెబుతోంది?

బరంపురం స్టేషన్ రోడ్డు మొదలుకొని గోపాల్‌పూర్ బీచ్ దాకా బడ్డీల్లో, కిరాణా కొట్లలో అమ్మే బాటిళ్ళలో మూడు రకాలను ఈ సమీక్షకు తీసుకున్నాం. నీళ్ళ రుచి జోలికి పోవడం లేదు. చేతిలో ఉన్న బాటిల్‌లో రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఎంత శాతమో లేబుల్ చూసి తెలుసుకోగలమా లేదా అన్నదే చూశాం.

ముందు అడుగున ఉండే త్రికోణం సంగతి. మూడు బాణాల మధ్య 1 అని ఉంటే అది పెట్, అంటే నీళ్ళ బాటిళ్ళు చేసే ప్లాస్టిక్, అని మాత్రమే అర్థం. మూత మీద 2 ఉంటే హెచ్‌డీపీఈ, 5 ఉంటే పాలీప్రొపిలీన్, రెండూ వేరే రకం ప్లాస్టిక్‌లు. అప్పుడే తయారైన కొత్త ప్లాస్టిక్‌కైనా ఇదే గుర్తు వేస్తారు. "రీసైకిల్ గుర్తు ఉంది కదండీ" అని కొట్టువాళ్ళు చూపించేది చాలాసార్లు దీన్నే. దీంతో శాతం తెలియదు.

మొదటిది, 100% రీసైకిల్డ్ పెట్ అని ముందువైపే పెద్ద అక్షరాలతో రాసిన లీటరు నీళ్ళ బాటిల్. మన దేశంలో ఈ రకం బాగా కనబడడం మొదలైంది 2023లో, కోకాకోలా తన కిన్లే లీటరు బాటిల్‌ను ఇలా తెచ్చాక. మేం చూసిన దాంట్లో మెడ దగ్గర, అడుగున ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట కాస్త బూడిదరంగు, లేత పసుపు కనిపించాయి. అది లోపం కాదు. పెట్ ఒకటికి రెండుసార్లు కరిగితే రంగు మారుతుంది. నల్ల చుక్కలు కనబడితే మాత్రం ఏరివేతలో తేడా జరిగి ఉండొచ్చు. పీవీసీ అనే మరో రకం ప్లాస్టిక్ లేబుల్ ముక్క ఒకటి కలిసినా, పెట్ కరిగే 270, 280 డిగ్రీల వేడికి అది మాడి నల్లబడుతుంది.

ఇలాంటి బాటిల్‌లో నీళ్ళు తాగొచ్చా అని అడిగేవాళ్ళు చాలామంది. పాత బాటిళ్ళను ముక్కలు చేసి, సుమారు 80 డిగ్రీల వేడి కాస్టిక్ నీటిలో కడుగుతారు. మూతల ముక్కలు నీటిపై తేలతాయి, పెట్ మునుగుతుంది, అక్కడ రెండూ విడిపోతాయి. తేమ తీసి కరిగించి గింజలు చేస్తారు. ఆపైన 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో, వాక్యూమ్‌లోనో నైట్రోజన్‌లోనో గంటల తరబడి ఉంచుతారు. ప్లాస్టిక్ పీల్చుకున్న వాసనలు, రసాయనాలు అప్పుడు బయటికి పోతాయి, బాటిల్‌కు కావలసిన గట్టిదనం తిరిగి వస్తుంది. ఈ చివరి దశ లేని గింజలు దిండ్లలో నింపే పాలిస్టర్ దూదికి సరిపోతాయి గానీ తాగే బాటిల్‌కు పనికిరావు. ఆహార పదార్థాలకు రీసైకిల్డ్ ప్లాస్టిక్ వాడకూడదని 2018 నిబంధనల్లో ఉండేది. 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తలుపు తెరిచింది, అదీ తన ప్రమాణాలకు నిలిచిన వాటికే.

ఈ బాటిల్‌కు 5కి 4 మార్కులు. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, మూత, లేబుల్ ఆ 100 శాతంలోకి రావని సన్నటి అక్షరాల్లో ఉంది. పైగా అది జనం వాడి పారేసిన బాటిళ్ళ నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీలో మిగిలిన తుక్కు నుంచి వచ్చిందా అన్నది ఎక్కడా లేదు. గోపాల్‌పూర్ ఇసుకలో ఏరిన బాటిల్‌కూ ఫ్యాక్టరీ తుక్కుకూ చాలా తేడా ఉంది.

రెండోది స్థానిక ప్లాంటు లీటరు బాటిల్. 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీ అన్నీ సరిగానే ఉన్నాయి. రీసైకిల్డ్ శాతం మాటే లేదు. చిన్న ప్లాంట్లు ప్రీఫాంలు (ఊదితే బాటిల్ అయ్యే మందపాటి ప్లాస్టిక్ గొట్టాలు) బయట కొని, వేడి చేసి ఊదుతాయి కాబట్టి శాతం యజమానికీ తెలియకపోవచ్చు. ప్రీఫాం అమ్మేవాళ్ళ దగ్గర ప్రతి లాటుకూ శాతం, ఆహారానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం రాతపూర్వకంగా తీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. అసలు లొసుగు నిబంధనలోనే ఉంది. రీసైకిల్డ్ ప్లాస్టిక్ వాడినప్పుడే శాతం రాయాలి. అందుకే ఏమీ రాయని బాటిల్ చూసి అందులో సున్నా అనుకోవాలో, దాచారనుకోవాలో కొనేవాళ్ళకు అర్థం కాదు. సున్నా అయితే 0% అని వేయించాలన్నది మా గట్టి అభిప్రాయం. 5కి 2.

మూడోది 750 మిల్లీలీటర్ల కోలా. దీని మీద క్యూఆర్ కోడ్ ఉంది. ప్యాకేజింగ్ మీద ఇవ్వాల్సిన వివరాలను క్యూఆర్, బార్‌కోడ్ రూపంలో ఇచ్చుకోవడానికి 2025 జూలై 1 నుంచి వెసులుబాటు వచ్చింది. ఐస్ పెట్టెలోంచి తీసిన బాటిల్ చెమ్మగిల్లి, లేబుల్ ముడతలు పడి, మొదట కోడ్ పట్టలేదు. గుడ్డతో తుడిచి, బాటిల్ వంపు ఫోనుకు ఎదురుగా ఉండేలా నిలువుగా పట్టుకుంటే పట్టింది. మోహన కొండల వైపు సిగ్నల్ లేని ఊళ్ళలో ఆ దారీ ఉండదు. తెరుచుకున్న పేజీలో కంపెనీ మొత్తం మీద ఏడాదికి ఎంత రీసైకిల్డ్ ప్లాస్టిక్ వాడిందో ఉంది, ఈ బాటిల్ సంగతి లేదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. 2022 నాటి నిబంధనల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్డ్ వాటా 2025-26లో 30%, తర్వాత ఏటా 40, 50, చివరికి 2028-29 నుంచి 60%. ఈ లెక్క ఒక్కో బాటిల్‌కు కాదు, కంపెనీ ఏడాది మొత్తానికి. బాటిల్ 20 గ్రాములనుకుందాం. లక్ష బాటిళ్ళకు రెండు టన్నులు, అందులో 30% అంటే 600 కిలోలు. ముప్ఫైవేల బాటిళ్ళు నూరు శాతం రీసైకిల్డ్‌తో చేసి పెద్ద నగరాలకు పంపి, మిగిలిన డెబ్బైవేలు కొత్త ప్లాస్టిక్‌తో చేసి మనవైపు పంపినా లక్ష్యం అందుకున్నట్టే. చట్టపరమైన కారణాలతో వాడలేనివాళ్ళు అనుమతి పొంది, లక్ష్యానికి మించి వాడిన కంపెనీల నుంచి సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు కూడా. ఇక బాటిల్‌ను చూసి శాతం చెప్పడం అసాధ్యం, ల్యాబ్‌లో తేల్చడమూ కష్టమే. కొన్న గింజల బిల్లుల నుంచి బాటిల్ లాటు దాకా ఆడిట్ జరిగితేనే ఆ అంకెను నమ్మగలం.

కాలిఫోర్నియాలో పానీయాల కంపెనీలు కొత్త ప్లాస్టిక్ ఎంత, రీసైకిల్డ్ ఎంత వాడాయో ఏటా మార్చి 1 లోగా ప్రభుత్వానికి తూకంతో సహా చెప్పాలి. యూరప్‌లో పెట్ బాటిళ్ళకు 2025 నుంచి 25%, 2030 నుంచి 30% తప్పనిసరి. మన దేశంలోనూ అంకెలు ప్రభుత్వ పోర్టల్‌కు చేరుతున్నాయి, బాటిల్ మీదికి రావడం లేదు. వచ్చినా ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తాయి, ఎందుకంటే లేబుల్ నిబంధన కోరేది ఆ రెంటిలో ఒకటే. ఒడియా, తెలుగు చదివే గంజాం జిల్లాలో "ఈ బాటిల్‌లో వాడిపారేసిన పెట్ 30%, మూత, లేబుల్ మినహా" అన్న ఒక్క వాక్యం రెండు భాషల్లో వేయడానికి బొటనవేలంత జాగా చాలు.

కోలాకు 5కి 2½. ఆ అర కోడ్ పనిచేసినందుకు.

బాటిల్ ఖాళీ అయ్యాక కిరసనాయిలో ఫినాయిలో పోసి దాచకండి. అలాంటివి నాలుగు కలిసినా ఆ మూట తాగే బాటిల్‌కు పనికిరాకుండా పోతుంది. నీళ్ళు వంచేసి, నలిపి, మూత బిగించి పాత సామాన్ల కొట్టుకు వేయండి. తెల్లవి, పచ్చవి వేరు చేసి ఇస్తే తెల్లవాటికి కొత్త బాటిల్ అయ్యే అవకాశం ఎక్కువ.