వెల్ష్ కోర్సు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం

వేల్స్‌లో కార్డిఫ్, స్వాన్సీ వైపు ఉంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నా. వెల్ష్ అంటే ఇక్కడి భాష. ‘గ్రామర్ బెడద లేకుండా 30 రోజుల్లో వెల్ష్’ అన్న ప్రకటన చూసి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. పీడీఎఫ్ పుస్తకం, ఆడియో కలిపి 39 పౌండ్లు. వేల్స్ బడుల్లో వెల్ష్ తప్పనిసరి కదా, పాప హోంవర్క్‌కి పనికొస్తుందనుకున్నా.

మొదటి వారంలోనే దొరికిపోయాను. పాప నోట్సులో ‘ఆర్ద్’ అనే మాట ఉంది. కోర్సు చివర పదాల పట్టికంతా గాలించినా కనబడలేదు. ఆఖరికి పాపే చెప్పింది: “నాన్నా, అసలు మాట గార్ద్. తోట. ముందు ‘అర్’ వచ్చింది కదా, గ ఎగిరిపోయింది.”

వెల్ష్‌లో అసలు చిక్కు ఇదే. ముందున్న మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారిపోతుంది. కార్డిఫ్‌ని వాళ్లు కైర్‌డీద్ అంటారు. ‘కార్డిఫ్‌కి’ అనాలంటే ‘ఇ గైర్‌డీద్’. ‘కార్డిఫ్‌లో’ అయితే ‘అఙ్ ఙైర్‌డీద్’. (పలక మీద దిద్దడమే తప్ప ఎన్నడూ వాడని మన ‘ఙ’కి ఇన్నాళ్లకి పని దొరికింది.) కాథ్ అంటే పిల్లి. ‘ఇ గాథ్’ అంటే అతని పిల్లి, ‘ఇ ఖాథ్’ అంటే ఆమె పిల్లి. పిల్లి ఎవరిదో ఆ గ, ఖలను బట్టే తెలియాలి.

మనకిది మరీ వింత కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవడం లేదూ? బడిలో గసడదవాదేశం అని బట్టీ పట్టిందే. కాస్త విడమరిచి చెబితే త్వరగానే పట్టుకునేవాణ్ణి. ఈ కోర్సేమో ‘వినగా వినగా అదే అలవాటవుతుంది’ అని ఒక్క ముక్కతో దాటేసింది.

పాలకి ఒక పాఠంలో ‘ల్లైథ్’, ఇంకో పాఠంలో ‘ల్లెవ్రిథ్’ అని ఉంది. మొదటిది వేల్స్ దక్షిణాది మాట, రెండోది ఉత్తరాదిది. ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. ‘అవును’కి ఒకే మాట ఇచ్చి ఊరుకున్నారు. వెల్ష్‌లో ప్రశ్న ఏ క్రియతో అడిగితే జవాబు కూడా దాన్ని బట్టే ఉంటుంది.

డబ్బు వెనక్కి అడిగితే, డౌన్‌లోడ్ చేసుకున్నారు కాబట్టి కుదరదన్నారు. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నవాటిని 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు, నిజమే. కానీ డిజిటల్ సరుకు వెంటనే కావాలనీ, ఆ హక్కు వదులుకుంటున్నాననీ టిక్ పెట్టి డౌన్‌లోడ్ మొదలుపెడితే ఇక అంతే. నేను చదవకుండా టిక్ పెట్టేశాను.

కొనేముందు నమూనా పేజీలు అడగండి. ‘ట్రైగ్లాడ్’, అంటే ఈ అక్షరాల మార్పు మీద, విడిగా పాఠం ఉందో లేదో చూడండి. ఉత్తరాది వెల్షా, దక్షిణాదిదా అన్నది కూడా. వెల్ష్ నేర్పే జాతీయ కేంద్రం పుస్తకాలు ఈ రెంటికీ వేరువేరుగా ఉంటాయి, ముందు అవి చూడండి.

నా పీడీఎఫ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఫ్రీగా పంపమని మాత్రం అడక్కండి, పంపను.