వసంతంలో పూలు చూడాలంటే: ఆనందపురం మల్లెతోటా, అరకు కాఫీ పూతా?

విశాఖలో ఎవరినడిగినా పూలనగానే అరకు వలిసెపూలే చెబుతారు. అవి కార్తీకం, మార్గశిరం నాటి ముచ్చట. ఉగాది ముందూ వెనకా వెళ్తే ఆ పసుపు చేలు ఉండవు. ఈ రోజుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లి చూడదగ్గవి నా లెక్కలో రెండే: ఆనందపురం వైపు మల్లెతోటలు, అనంతగిరి, అరకు కొండల్లో కాఫీ పూత.

కాఫీ తాగేవాళ్లలో కూడా కాఫీ పువ్వు చూసినవాళ్లు తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడాలి. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న మొగ్గలు ఆ తడికి మేలుకుంటాయి. ఎనిమిది, పది రోజులు తిరిగేసరికి తోట మొత్తం ఒక్కసారే విచ్చుకుంటుంది. కొమ్మ పొడవునా ప్రతి కణుపు దగ్గరా తెల్లటి గుత్తులు. పైన నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు. ఆ నీడలో నిలబడితే మల్లెకి దగ్గరగా ఉండే వాసన చుట్టూ కమ్ముకుంటుంది. అంత అందం ఈ జిల్లాల్లో ఇంకెక్కడా లేదనే అంటాను.

అయితే అది మూడు నాలుగు రోజుల భాగ్యం. తర్వాత పూలు వాడి గోధుమరంగుకి తిరుగుతాయి. నెల ముందే రైల్లో అద్దాల బోగీ టికెట్లు తీసుకుని, ఆఫీసులో సెలవు పెట్టి వెళ్లేవాళ్లకి పూత దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. వాన ఎప్పుడు పడిందో ఫోన్‌లో చెప్పే తోటవాళ్లు తెలిసుండాలి, చెప్పగానే బయల్దేరగలగాలి. నూటపది కిలోమీటర్ల పైన దారి, అందులో సగం ఘాట్ రోడ్డు. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలైతే ఎన్నో సొరంగాలు దాటుకుంటూ వెళ్తుంది, పిల్లలకి అదే పండగ. కానీ దిగాక తోటల్లో వాలు నేల. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మని, తాతయ్యని అక్కడ నడిపించడం కష్టం.

మల్లెతోటకి ఆ టెన్షన్ లేదు. సిటీ నుంచి ఆనందపురం సుమారు 25 కిలోమీటర్లు. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఎరువేసి, నీరు పెట్టిన తోటలు మార్చికల్లా మొగ్గ తొడుగుతాయి. వేసవంతా రోజూ పూస్తాయి కాబట్టి ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం. ఒక్కటే షరతు, పొద్దు పొడవకముందే అక్కడుండాలి.

ఎందుకంటే అప్పుడే కోత. ఆడవాళ్లు ఒడి కట్టుకుని సాళ్ల మధ్య వంగి నడుస్తుంటారు. నిండుగా తెల్లబడి, ఇంకా విచ్చుకోని మొగ్గనే తుంచాలి. పచ్చ చాయ ఉన్నది రేపటికి. విచ్చుకుపోయిన పువ్వుకి మార్కెట్లో ధర రాదు. చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టి తొడిమతో సహా తీస్తారు, కొమ్మ కదలదు. చూస్తుంటే తేలికే అనిపిస్తుంది కానీ, గంటసేపు వంగి కోస్తే నడుం ఏమంటుందో తెలుస్తుంది. దండకి మూర ఎంత అని బేరమాడే మనకి అది తెలియడం మంచిదే. అడిగితే పిల్లల చేత కూడా కాసిని కోయిస్తారు. అమ్మమ్మ గట్టు మీద కూర్చుని అరటినారతో దండ కట్టడం మొదలుపెడితే, తోటవాళ్లే పక్కన చేరి మాట కలుపుతారు.

నేను మల్లెతోటకి మొగ్గు చూపేది ఇందుకే. అక్కడ పువ్వు కోయడమే ఆ కుటుంబానికి పంట చేతికి రావడం. మనం కోసినా వాళ్ల సరుకే, తూకం వేయించుకుని ఆ రోజు ధరకి కొనుక్కుంటాం. కాఫీ పువ్వు అలా కాదు, అది కాయ కావాలి, నవంబరు నుంచి పండు కోతకి రావాలి. గుత్తి తెంపి జడలో పెట్టుకుంటే వాళ్ల పండే పోతుంది. వలిసె కూడా నూనెగింజ పంటే. ఫొటోల కోసం చేలో దిగి తొక్కితే ఆ మేరకి గింజ దక్కదు. కొందరు రైతులు అందుకే కంచె కట్టి కొంత రుసుం తీసుకుంటున్నారు, అది న్యాయమే.

కాబట్టి చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి మల్లెతోటే మేలు. ఇద్దరు ముగ్గురే ఉండి, ఉన్నపళంగా కదలగలిగితే మాత్రం ఏప్రిల్ వాన పడిన మర్నాటి నుంచీ కొండమీద తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తూ ఉండండి. ఎటు వెళ్లినా ముందురోజే తోటవాళ్లని అడగండి. మల్లెతోటలో ఏడు దాటితే కోతవాళ్లు మూటలు కట్టి మార్కెట్‌కి వెళ్లే హడావిడిలో ఉంటారు, అప్పుడు పలకరించడానికి కూడా వాళ్లకి తీరికుండదు.