హిరోషిగె మంచు దృశ్యం, చేత్తో అచ్చేసిన కాపీ: తీసుకోవచ్చా?

టోక్యోలో జింబోచో వెళ్తే పాత పుస్తకాల షాపుల మధ్యలో ప్రింట్లు అమ్మే షాపులు కూడా ఉంటాయి, అక్కడే కొన్నా. 19వ శతాబ్దపు జపాన్ చిత్రకారుడు హిరోషిగె వేసిన ఫుకగావా కిబా, అంటే మంచు కురుస్తున్న కలప అడితీల బొమ్మ, ఎదో నగరం (టోక్యో పాత పేరు) వంద దృశ్యాల సిరీస్‌లో 106వది. 1856 నాటి ఒరిజినల్ కాదండోయ్, అంత డబ్బు నా దగ్గర లేదు. చెక్కల మీద మళ్ళీ కొత్తగా చెక్కి పాత పద్ధతిలోనే ఒక్కో రంగూ చేత్తో అద్ది తీసే కాపీ, దీన్ని ఫుక్కొకు అంటారు. 14,000 యెన్‌లు అయింది.

అదే బొమ్మ మెషీన్ పోస్టర్ 1,500కే ఉంది, సరే అది తీసుకుందాం అనుకుంటూనే రెండూ పక్కపక్కన పెట్టి చూశా, ఇక పోస్టర్ మీదకి మనసు పోలేదు. ఎందుకంటే చేత్తో అచ్చేసిన దాంట్లో మంచు అసలు రంగే కాదు, కాగితమే! చుట్టూ రంగు అద్ది మంచు ఉన్న చోట మాత్రం కాగితాన్ని అలాగే వదిలేశారు, రాలుతున్న ఒక్కో చుక్కతో సహా. మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన హోషో కాగితం కదా, మందంగా మెత్తగా ఉంటుంది, పక్కనుంచి లైటు పడితే ఆ తెలుపు నిజంగా పేరుకున్న మంచులాగే కనిపిస్తుంది. పోస్టర్‌లో అది ఉత్త తెల్ల మచ్చ. షాపాయన్ని అడిగి వెనక్కి తిప్పి కూడా చూడండి, బారెన్ అనే గుండ్రటి చేతి మెత్తతో గట్టిగా రుద్దడం వల్ల రంగు కాగితం లోపలికి దిగి వెనకవైపు కూడా తెలుస్తుంటుంది, చేత్తో అచ్చేసిందో లేదో నాకు అక్కడే తేలిపోయింది.

ఇక నీళ్ళ సంగతి. దుంగల మధ్య నుంచి వంకరగా పోతున్న ఆ నీలం బెరో-ఐ, బెర్లిన్ పేరు మీద వచ్చిన రంగు, ఒకచోట చిక్కగా మొదలై మెల్లగా పలచబడుతుంది, దాన్ని బొకాషి అంటారు, చెక్క మీద రంగునీ తడినీ ప్రతిసారీ చేత్తో సర్దాలి. దుంగల మీద నిలబడ్డ ఇద్దరు పనివాళ్ళు, కింద రెండు కుక్కపిల్లలు, ఒక పసుపు గొడుగు. గొడుగు మీద అక్షరం అర్థం చేప, పబ్లిషర్ ఉవోయా ఎయికిచి పేరులోది, అంటే అప్పట్లోనే బొమ్మలో యాడ్ పెట్టేశారన్నమాట!

కొన్న మర్నాడు తోజాయ్ మెట్రో లైన్‌లో, బొమ్మలో ఉన్న ఆ కిబా దాకా వెళ్ళొచ్చా. కలప వ్యాపారం 1970ల్లోనే షిన్‌కిబా అనే చోటికి మారిపోయింది, ఇప్పుడక్కడ పెద్ద పార్కు ఉంది. కాలవ పక్కన కాసేపు నిలబడి ఫోన్‌లో బొమ్మ చూస్తుంటే ఆ చలి నాకు తగిలినట్టే అనిపించింది.

నచ్చనిది ఒక్కటే, ట్యూబ్‌లో చుట్టి ఇచ్చారు, అంచులు ముడుచుకుపోయి సాపు అవడానికి వారం పట్టింది, మీరైతే అట్ట మధ్య పెట్టి ఇమ్మని ముందే గట్టిగా చెప్పండి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు గ్లాసు కాగితానికి తగలకూడదు, ఎండ పడే గోడ అసలొద్దు. నేను పక్కనుంచి దీపం వెలుగు పడే గోడకి పెట్టుకున్నా.